మట్టిలో కలిసే కట్టడం

భారతదేశ జనాభా లెక్కల్లో ఇళ్లను వాటి గోడలకూ కప్పుకూ వాడిన సామగ్రిని బట్టి శాశ్వత గృహాలు, అర్ధశాశ్వత గృహాలు, తాత్కాలిక గృహాలు అని మూడు తరగతులుగా లెక్కిస్తారు. కాల్చిన ఇటుక, రాయి, కాంక్రీటు వాడిన ఇల్లు మొదటి తరగతిలో చేరుతుంది. పచ్చి మట్టి గోడల మీద తాటాకో గడ్డో కప్పిన ఇల్లు చివరి తరగతిలోకి పోతుంది. జనం నోట పక్కా ఇల్లు, కచ్చా ఇల్లు అన్న మాటలుగా స్థిరపడిన ఈ విభజన ప్రభుత్వ పథకాల అమలుకు పనికివచ్చిన మాట నిజమే కానీ, దాని అడుగున ఒక నమ్మకం ఉంది. ఇంటి ఆయుష్షు పదార్థపు గట్టిదనంలోనే ఉంటుందని, మెత్తని పదార్థంతో కట్టుకోవడం కేవలం లేమికి గుర్తని ఆ నమ్మకం చెబుతుంది. పర్యావరణానికి హాని తక్కువగా ఉండే నిర్మాణం గురించి ఆలోచిస్తున్న ఆర్కిటెక్టులు కొన్ని దశాబ్దాలుగా దీన్నే ప్రశ్నిస్తున్నారు. ఏ కట్టడమూ శాశ్వతం కాదని ముందే ఒప్పుకొని, అది ఎంతకాలం నిలవాలో, నిలిచినన్నాళ్లూ దాని బాగోగులు ఎవరు చూడాలో, పడిపోయాక దాని పదార్థం ఎక్కడికి చేరాలో ప్లాను గీసే రోజునే నిర్ణయించుకోవాలన్నది వారి వాదన.

శాశ్వతత్వానికి మారుపేరైపోయిన కాంక్రీటు ఆయుష్షును ముందుగా పరిశీలించడం అవసరం. శ్లాబులోని ఇనుప చువ్వలను తుప్పు పట్టకుండా కాపాడేది వాటి చుట్టూ ఉన్న సిమెంటు క్షారగుణం. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ల తరబడి సన్నని రంధ్రాల గుండా లోపలికి చొరబడి ఆ క్షారగుణాన్ని కొద్దికొద్దిగా హరిస్తుంది. సముద్రతీరంలోనైతే ఉప్పుగాలి మోసుకొచ్చే క్లోరైడ్లు చువ్వల మీది రక్షణ పొరను నేరుగానే ఛేదిస్తాయి. తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక చుట్టూ ఉన్న కాంక్రీటును లోపలి నుంచే పగలగొడుతుంది. పాతబడిన ఇళ్లలో పైకప్పు పెచ్చులూడటం వెనుక తరచుగా ఉండే కారణం ఇదే. సాధారణ భవనాలకు నిపుణులు వేసుకునే ఆయుష్షు లెక్క 50 ఏళ్లు మాత్రమే. నగరాల్లో స్థలం ధర పెరిగిందనో, అంతస్తులు పెంచుకోవాలనో పదార్థం అలసిపోకముందే భవనాన్ని నేలమట్టం చేయడం కూడా మామూలైపోయింది. కాంక్రీటు ఇల్లు కూడా పోయేదే అయినప్పుడు, పోయాక ఏమవుతుందన్న ప్రశ్న తప్పదు. నిర్మాణ వ్యర్థాల నిర్వహణకు కేంద్రప్రభుత్వం 2016లో నియమాలు చేసింది. హైదరాబాదులో జీడిమెట్ల, ఫతుల్లగూడ వంటి చోట్ల కూల్చివేతల శిథిలాలను పిండిచేసి ఇసుకగా, కంకరగా మార్చే కేంద్రాలు వచ్చాయి. అయినా ఆ కంకర మునుపటి కాంక్రీటు కాలేదు. దానికి మళ్లీ కొత్త సిమెంటు కావాలి.

సిమెంటు తయారీలోనే పర్యావరణానికి జరిగే నష్టం చాలా వరకు ఇమిడి ఉంది. సున్నపురాయిని మట్టితో కలిపి సుమారు 1450 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాల్చాలి కాబట్టి ఇంధనం విస్తారంగా ఖర్చవుతుంది. అంతకంటే పెద్ద సమస్య ఆ రాయి స్వభావంలోనే ఉంది: 100 కిలోల స్వచ్ఛమైన సున్నపురాయి వేడికి విడిపోతే 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది, బట్టీని సౌరవిద్యుత్తుతో నడిపినా ఈ భాగం ఆగదు. ప్రపంచంలో వెలువడే మొత్తం కార్బన్ డయాక్సైడ్‌లో సిమెంటు వాటా 7 నుంచి 8 శాతం వరకు ఉంటుందని అంచనా. ఇలా ఒక ఇల్లు గృహప్రవేశం నాటికే తన సామగ్రి రూపంలో గాలిలోకి వదిలేసిన వాయువుల లెక్కను ఆ ఇంట్లో ఇమిడిన కార్బన్ అంటారు. ఆ తర్వాత దీపాలు, ఏసీలు ఎంత పొదుపుగా వాడినా ఈ లెక్క తగ్గదు.

మట్టి గోడ తీరు దీనికి పూర్తిగా భిన్నం. పంటకు అవసరమైన సారవంతమైన పైపొరను పక్కకు తీసి, దాని అడుగున దొరికే మట్టిని గోడకు వాడతారు. అందులోని ఇసుక, గులకరాళ్లు బరువును మోస్తే, బంకమన్ను వాటిని పట్టి ఉంచుతుంది. బంకమన్ను రేణువులు కంటికి కనిపించనంత సన్నని పలకలు. తడిగా ఉన్నప్పుడు ఒకదాని మీద ఒకటి జారుతాయి, నీరు ఆరిపోతుంటే దగ్గరికి జరిగి బిగుసుకుంటాయి. ఈ బిగువులో రసాయనికమైన మార్పు ఏదీ జరగదు, బట్టీ వేడి అక్కర లేదు, కాబట్టి మళ్లీ నీళ్లు తగిలితే ఆ గోడ మళ్లీ మట్టే అవుతుంది. మట్టి గోడ బలహీనత, దాని గొప్పతనం రెండూ ఈ ఒక్క గుణం నుంచే వచ్చాయి. వానకు కరిగే గోడ కనుకనే, కూలిన గోడను నానబెట్టి, తొక్కి, ఆ మట్టితోనే కొత్త గోడ పెట్టుకోవడం సాధ్యమవుతోంది. ఇక గాలిలో తేమ ఎక్కువైనప్పుడు పీల్చుకొని, తగ్గినప్పుడు వదిలిపెట్టే లక్షణం కూడా బంకమన్నుకు ఉండటం వల్ల మట్టి ఇంట్లో ఉక్క తక్కువ అనిపిస్తుంది.

కరిగే గుణాన్ని తీసేయాలా, ఉండనివ్వాలా అన్న విషయంలో మట్టితో కట్టేవారి మధ్యనే గట్టి అభిప్రాయభేదం ఉంది. పుదుచ్చేరి పక్కన ఆరోవిల్‌లో 1989లో ఏర్పడిన ఎర్త్ ఇన్‌స్టిట్యూట్ మట్టిలో సుమారు 5 శాతం సిమెంటు కలిపి, అచ్చుయంత్రంలో బలంగా ఒత్తి, కాల్చకుండా నీళ్లతో తడుపుతూ గట్టిపరచిన ఇటుకలకు పేరు పొందింది. వీటితో అంతస్తుల భవనాలు, కమానులు, గుమ్మటాలు కట్టి చూపారు. ఇటుక బట్టీల ఇంధనం ఆదా అయింది, వానభయం తీరింది. అయితే ఆ కొద్దిపాటి సిమెంటు చేరిన తర్వాత మట్టి తిరిగి మట్టి కాలేదు. ఈ రాజీ అక్కర్లేదన్న పక్షానికి పెద్దదిక్కు ఆస్ట్రియాకు చెందిన మార్టిన్ రౌఖ్. ఫోరార్ల్‌బర్గ్ ప్రాంతంలోని ష్లిన్స్ గ్రామంలో ఆయన 2008లో పూర్తిచేసిన సొంత ఇంటి గోడలను పునాదికి తవ్విన మట్టితోనే, సిమెంటు కలపకుండా, పొరలు పొరలుగా దిమ్మిస కొట్టి లేపారు. ఆల్ప్స్ పర్వతప్రాంతపు వానలో ఆ గోడ నిలవడానికి కారణం గోడ ముఖాన అడ్డంగా, కొంత కొంత ఎత్తుకు ఒకటి చొప్పున, కాస్త బయటికి పొడుచుకొచ్చేట్టు పొదిగిన కాల్చిన మట్టి పలకల వరసలు. గోడ మీదుగా జారే నీటి వేగాన్ని ప్రతి వరసా విరిచేస్తుంది. మొదటి వానలకు పైనున్న సన్న మట్టి కొట్టుకుపోయి గులకరాళ్లు బయటపడతాయి. ఆ రాళ్లే వెనుక ఉన్న మట్టికి కవచమై కోత క్రమంగా మందగిస్తుంది. ఎంత పోతుందో ముందే లెక్కవేసి, ఆ మేరకు మందం కలుపుకొని గోడ పెట్టడం ఇందులోని కిటుకు. ఆరోవిల్ పద్ధతికి ఎన్నో ఊళ్లలో నిజమైన ఉపయోగం ఉందన్నది కాదనలేనిదే అయినా, పదార్థాన్ని అర్థం చేసుకున్న లోతులో రౌఖ్ గోడదే పైచేయి.

కరిగిపోయే గోడను తరాల పాటు నిలబెట్టడం ఒక ఊరు ఊరంతా చేస్తే ఎలా ఉంటుందో పశ్చిమ ఆఫ్రికాలోని మాలి దేశంలో, బాని నది దగ్గరి జెన్నే పట్టణం చూపిస్తుంది. అక్కడి పెద్ద మసీదు ప్రస్తుత రూపంలో 1907లో పూర్తయింది, గోడలన్నీ పచ్చి మట్టి ఇటుకలే. ఏటా వానలకు ముందు ఒక రోజు నిర్ణయించి పట్టణమంతా ఆ గోడలకు కొత్తగా మట్టిపూత పూస్తుంది. నది మట్టిలో వరి ఊక కలిపి గుంటల్లో రోజుల తరబడి నానబెడితే ఊక కుళ్లి మట్టి జిగురెక్కుతుంది, పూత నెర్రెలు విచ్చకుండా ఉంటుంది. పూత రోజున ఆడవాళ్లు నీళ్లు మోస్తారు, కుర్రవాళ్లు బుట్టలతో అడుసు అందిస్తూ పరుగులు తీస్తారు, బారే తోన్ అనే తాపీపనివారి సంఘంలోని పెద్దలు నాణ్యత చూస్తారు. గోడల నుంచి గుత్తులుగా బయటికి పొడుచుకొచ్చిన తాటి దుంగలు చూపరులకు అలంకారంలా కనిపిస్తాయి కానీ, పూత పూసేవారు ఎక్కి నిలబడటానికి ఏర్పాటు చేసిన శాశ్వతమైన పరంజా అవి. ఆ తాటి తెలుగు నేల మీది తాటిచెట్టుకు అతి దగ్గరి బంధువైన ఆఫ్రికా జాతి చెట్టు. మరమ్మతు కోసం ఎక్కడానికి మెట్లు గోడలోనే కలిపి కట్టిన కట్టడం ఇది. దీన్ని కట్టినవారు ఈ గోడ పాడవుతుందని మొదటి రోజే ఒప్పుకున్నారు.

ఈ పద్ధతిలోనూ చిక్కులు లేకపోలేదు. ఏటేటా పూసిన పొరలు ఒకదానిపై ఒకటి పేరుకుపోయి గోడలకు మోయలేని బరువయ్యాయి. 2009 నవంబరులో భారీ వర్షం తర్వాత ఒక గోపురం పైభాగం కూలింది. ఆ తర్వాతి మరమ్మతుల్లో పేరుకున్న పాత పొరలను ఒలిచేయవలసి వచ్చింది. 1988లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన ఈ పట్టణం 2016లో ప్రమాదంలో ఉన్న స్థలాల జాబితాకు ఎక్కింది. ఇళ్ల సంగతికి వస్తే, ఏటా పూత పెట్టుకునే స్తోమత లేక కొందరు తమ మట్టి గోడలకు కాల్చిన పలకలు అతికించుకుంటున్నారు. వారసత్వం పేరిట వారిని తప్పుపట్టడం సులువు కానీ, ఆ పూత ఖర్చు ఎవరు భరించాలన్న ప్రశ్నకు జవాబు చెప్పకుండా తప్పుపట్టడం న్యాయం కాదు.

తెలుగునాట ఇటువంటి జ్ఞానానికి కొదవ లేదు. రాయలసీమ మట్టి మిద్దెలో గోడల మీద దూలాలు, వాటి మీద దంతెలు, ఆ పైన సన్న కట్టెలు, ఆకులలములు పరచి మందంగా మట్టి వేసి, అన్నిటికీ పైన చౌడు పోస్తారు. పొలంలో చౌడు రైతుకు శత్రువు. సోడియం ఎక్కువగా ఉండటం వల్ల దాని బంకమన్ను రేణువులు తడవగానే విడివడి, మట్టిలోని సందులన్నిటినీ పూడ్చేస్తాయి, నీరు కిందికి ఇంకదు, పైరు వేరు బతకదు. సరిగ్గా ఆ దుర్గుణమే కప్పు మీద సుగుణమవుతుంది. మొదటి వాన తడికి చౌడు తనంతట తానే మూసుకుపోయి, మిగిలిన నీటిని జల్లి గొట్టాల వైపు జారనిస్తుంది. గాలివానలకు కొంత కొట్టుకుపోతుంది కాబట్టి తొలకరికి ముందు మళ్లీ చౌడు తెచ్చి పోసి చదును చేయడం ఆ ఇళ్ల వార్షిక కార్యక్రమం. పంటకు పనికిరాని మట్టిని, ఊరి పక్కనే దొరికేదాన్ని, కాల్చకుండా, కొనకుండా నీటిని ఆపే పొరగా మార్చిన ఈ తెలివి ఏ పరిశోధనాలయం పేరూ మోయకపోవడం వల్లనే కాబోలు, పుస్తకాల్లోకి రావలసినంతగా రాలేదు.

ఉత్తరాంధ్ర తీరంలోని చుట్టిళ్లది మరో రకం నేర్పు. గుండ్రటి మట్టి గోడ మూలలు లేనిది కావడంతో తుపాను గాలి పట్టు దొరక్క చుట్టూ జారిపోతుంది. శంకువు ఆకారంలో దిగే తాటాకు కప్పు చూరు నేలకు చేరువగా ఉండి గోడకు వాన తగలనివ్వదు. చెన్నై సమీపాన ముట్టుకాడులోని దక్షిణచిత్ర ప్రదర్శనశాలలో దక్షిణాది ఇళ్ల నమూనాల మధ్య ఇలాంటి ఇంటికీ చోటు దక్కింది. ఈ ఆకారం ఎంత పాతదో గుంటుపల్లి కొండ చూపిస్తుంది. ఏలూరు జిల్లా కామవరపుకోట దగ్గర క్రీస్తుపూర్వపు బౌద్ధులు తొలిచిన గుండ్రటి చైత్యం లోపల తల ఎత్తి చూస్తే, రాతి కప్పు అంతటా మధ్య నుంచి అంచులకు దిగే వాసాలు చెక్కి ఉంటాయి. రాయికి వాసాలతో పనిలేదు. ఆ శిల్పులకు తెలిసిన గది కర్రతో, ఆకుతో కట్టిన గుండ్రటి పాక కాబట్టి దాని రూపాన్నే రాతిలోకి ఎత్తారు. ఆ పాకలు ఏనాడో మట్టిలో కలిశాయి, వాటి కట్టుబడి మాత్రం రెండువేల ఏళ్లు దాటినా తీరం వెంట మనుషుల చేతుల్లో నిలిచింది.

ఇక్కడ ఒక హెచ్చరిక చాలా అవసరం. తాటాకు పాకల అందం గురించి రాసేవారు వేసవిలో ఒక నిప్పురవ్వకు వరసగా అంటుకుపోయే వాడలను మరచిపోకూడదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలమంది ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత తీరగ్రామాల ప్రజలు గట్టి శ్లాబు కావాలని కోరుకున్నారంటే అది వారి బతుకు అనుభవం నేర్పిన కోరిక. రోజూ పేడతో అలికే అరుగు, ఏటా పూసే గోడ, రెండు మూడేళ్లకోసారి కప్పించే తాటాకు వెనుక లెక్కకు రాని శ్రమ ఉంది, అందులో అధికభాగం స్త్రీలది. ఆ శ్రమను తలచుకోకుండా మట్టి ఇంటిని పొగడటం అన్యాయం. ఉప్పెన తాకే చోట ఎత్తైన కాంక్రీటు ఆశ్రయాలు ఉండవలసిందే. కరిగే పదార్థాలను అన్నిచోట్లా వాడాలని ఎవరూ అనరు. అవి సరిపోయే చోట వాటిని నాసిరకమని లెక్కకట్టి, ఆ పని తెలిసిన చేతులకు పని లేకుండా చేయడం మీదే ఫిర్యాదు అంతా.

చేతులకు పని కల్పించడాన్నే నిర్మాణ సూత్రంగా మార్చుకున్న కట్టడం జపాన్‌లో ఉంది. మియె ప్రాంతంలోని ఇసె ఆలయాన్ని 20 ఏళ్లకోసారి పూర్తిగా కొత్తగా కడతారు. మొదటి పునర్నిర్మాణం క్రీ.శ. 690లో, చక్రవర్తిని జితో కాలంలో జరిగింది. మధ్యలో అంతర్యుద్ధాల కాలంలో నూరేళ్లకు పైగా ఆగిపోయినా మళ్లీ మొదలై, 62వది 2013లో ముగిసింది, తర్వాతది 2033లో జరగాలి. ఒకే కొలతల స్థలాలు రెండు పక్కపక్కనే ఉంటాయి. ఒకదానిలో పాత గుడి ఉండగానే రెండోదానిలో కొత్తది లేస్తుంది. హినోకి అనే దేవదారు వంటి చెట్టు స్తంభాలను పునాదిరాయి లేకుండా నేరుగా నేలలో పాతుతారు, కప్పు రెల్లుజాతి గడ్డి. చెమ్మ నేలలో పాతిన కర్ర, వానలో తడిసే గడ్డి ఎక్కువకాలం ఉండవని వారికి తెలుసు. ఇరవై ఏళ్ల గడువు మనిషి ఆయుష్షుకు చక్కగా అమరుతుంది: కుర్రవాడిగా ఉన్నప్పుడు బరువులు మోసి చూసినవాడు, నడివయసులో తానే ఉలి పట్టి, ముసలితనంలో మరొకరికి నేర్పే వీలు అందులో ఉంది.

ఇసె గురించి సాధారణంగా ఇంతవరకే చెబుతారు కానీ, పర్యావరణం దృష్ట్యా అసలు పాఠం కలప రాకపోకల్లో ఉంది. ఒక్కో పునర్నిర్మాణానికి సుమారు పదివేల హినోకి చెట్లు కావాలి. ఆలయం చుట్టూ అడవి శతాబ్దాల కిందటే తరిగిపోవడంతో కలప కిసొ కొండల నుంచి తేవలసి వచ్చింది. 1920లలో ఆలయం తన అడవిని తిరిగి పెంచడానికి 200 ఏళ్ల ప్రణాళిక వేసుకుంది. 2013 నాటికి అవసరమైన కలపలో దాదాపు నాలుగో వంతు ఆ సొంత అడవి నుంచే వచ్చింది. పాత గుడి విప్పిన కలపను ఎవరూ తగలబెట్టరు. ప్రధాన మందిరపు శిఖర దూలాన్ని మోసిన రెండు పెద్ద స్తంభాలను చిత్రిక పట్టి ఉజి వంతెన దగ్గరి తోరణ ద్వారాలుగా నిలుపుతారు. అక్కడ మరో 20 ఏళ్లు గడిచాక పాత రహదారి మీది సెకి, కువానా ఊళ్ల ద్వారాలకు పంపుతారు. మిగిలిన కలప దేశంలోని ఇతర ఆలయాల మరమ్మతులకు చేరుతుంది. ఇరవై ఏళ్ల గుడి వెనుక రెండు వందల ఏళ్ల అడవి ఉంది కనుకనే అది వృథా ఖర్చు కాలేదు. చెట్టు ఎదిగే కాలం కంటే త్వరగా కట్టడాన్ని మార్చేసే చోట ఇదే పద్ధతి అడవికి శాపమవుతుంది.

విప్పిన పదార్థం మళ్లీ పనికి రావాలంటే దాని అతుకు విడిపోయేదై ఉండాలి. నేటి ఆర్కిటెక్టులు విడదీసేందుకు వీలుగా కట్టడం అని పిలిచే ఈ నియమానికి అందరికీ అర్థమయ్యే ఉదాహరణ డంగు సున్నం. కాల్చి, నీటితో విరిపించిన సున్నాన్ని ఇసుకతో కలిపి గానుగలో నూరి చేసే ఈ అడుసు 1591 నాటి చార్మినారు వంటి కట్టడాలను నిలబెట్టింది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను తిరిగి పీల్చుకుంటూ ఏళ్ల మీద గట్టిపడినా, ఇటుక కంటే ఎప్పుడూ కాస్త మెత్తగానే ఉంటుంది. అందుకే పాత సున్నపు గోడను విప్పితే ఇటుకలు గీకి శుభ్రం చేసుకొని మళ్లీ వాడుకోవచ్చు; సిమెంటు గోడలో అతుకే ఇటుకను మించిన గట్టిది కాబట్టి కొట్టినప్పుడు ఇటుకే పగులుతుంది. జిగురుకు బదులు బోల్టు, మేకుకు బదులు తాడు కట్టు, ఎక్కువకాలం ఉండే చట్రాన్ని తక్కువకాలం ఉండే పూతలు, తలుపులు, పైపుల నుంచి వేరుగా ఉంచడం వంటివన్నీ ఈ ఆలోచనకు కొనసాగింపులే. అమెరికన్ రచయిత స్టూవర్ట్ బ్రాండ్ 1994లో రాసిన పుస్తకంలో భవనాన్ని వేర్వేరు వేగాలతో పాతబడే పొరల సముదాయంగా వివరించాడు. నీటి పైపు మార్చడానికి గోడ పగలగొట్టే ప్రతి ఇల్లు ఈ పొరలను కలిపేసిన తప్పుకు మూల్యం చెల్లిస్తున్నదే.

విప్పి మళ్లీ నిలబెట్టుకునే కట్టడానికి ఇటీవలి ఉదాహరణ ఒకటి ఉంది. జపాన్ ఆర్కిటెక్టు షిగెరు బాన్ 1995లో కోబె భూకంపం తర్వాత గట్టి కాగితపు గొట్టాలతో ఒక ప్రార్థనా మందిరాన్ని స్వచ్ఛంద కార్యకర్తల చేత కట్టించాడు. కొద్దికాలానికని లేపిన ఆ మందిరం పదేళ్లు నిలిచింది, 2005లో విప్పి తైవాన్‌కు తరలించారు, అక్కడ భూకంపం బాధించిన ప్రాంతంలో మళ్లీ నిలబెట్టారు. 2001లో భుజ్ భూకంప బాధితుల కోసం కూడా ఆయన అటువంటి గొట్టాలతో ఆశ్రయాలు నిర్మించాడు.

మళ్లీ మన మట్టి ఇళ్ల సంగతికి వస్తే, మట్టి కట్టడాలను భూకంపాలకు తట్టుకునేలా పటిష్ఠం చేయడానికి భారతీయ ప్రమాణాల సంస్థ 1993లోనే ఐ.ఎస్. 13827 అనే మార్గదర్శకాలు వెలువరించింది, అంటే మట్టితో కట్టకపోవడానికి సాంకేతిక ఆధారం లేదన్న సాకు చెల్లదు. లోపం ఎస్టిమేటులో ఉంది. కట్టడపు ఖర్చు, కట్టిన రోజుతో ముగిసే లెక్కగానే ప్రభుత్వ, ప్రైవేటు పద్దులన్నీ సాగుతున్నాయి. తొలకరికి ముందు పూయవలసిన పూతకు, మార్చవలసిన కప్పుకు, ఆ పని చేసేవారి కూలికి వాటిలో గడి లేదు. గృహనిర్మాణ పథకాల్లో మట్టి గోడకు రాతి పునాది, వెడల్పాటి చూరు, కప్పుకు నిప్పంటని పెంకు ఇచ్చి, పదేళ్ల నిర్వహణ కూలిని ఇంటి మొత్తం ఖర్చులోనే కలిపి మంజూరు చేస్తే, ఇప్పుడు స్త్రీల మీద ఉచితంగా పడుతున్న పని ఊళ్లోనే కొందరికి వేతనం ఇచ్చే వృత్తి అవుతుంది. డంగు సున్నం పాళ్లు తెలిసిన మేస్త్రీలను ప్రస్తుతం కోటలు, గుళ్ల పునరుద్ధరణకు మాత్రమే వెతికి పట్టుకొస్తున్నారు. వారి పక్కన కుర్రవాళ్లను నిలబెట్టి, మామూలు ఇళ్ల మీద పని చేయించే శిక్షణ జరిగితే ఆ పాళ్లు పురాతన కట్టడాల మరమ్మతు జాబితాల్లోంచి కొత్త ఇళ్ల ఎస్టిమేటుల్లోకి వస్తాయి.